గాలి కోదాడ బస్సెక్కింది

ఆ ఉదయానికి సుజాత వేసుకున్న ప్రణాళికలో చిక్కేమీ లేదు. తలస్నానం చేసి, ముందురోజే ఇస్త్రీ చేసి పెట్టుకున్న నేత చీర కట్టుకుని, సూర్యాపేటలోని తన ఇంటి నుంచి కారును తానే నడుపుకుంటూ కోదాడ దాటి, ఒక ఊరి ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా చేరాలి. ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరం. అలాంటి పాఠశాల అది ఒక్కటే కాదు. జీవితంలో సగానికి పైగా భౌతికశాస్త్రం బోధించిన ఆమెకు పదోన్నతి ఆలస్యంగా వచ్చింది. పాత పాఠశాల వారు పరీక్షలు ముగిసేదాకా ఆమెను వదలలేదు. ఫలితంగా కొత్త చోట చేరడానికి గడువు ఆ రోజుతోనే తీరిపోతోంది. మధ్యాహ్నంలోగా చేరకపోతే పదోన్నతి పోతుంది.

చేరడం ఒక ఎత్తు, చేరాక నిలబడటం మరొక ఎత్తు. ఆ పాఠశాలకు ఇంతకు ముందు వచ్చిన ఇద్దరు ప్రధానోపాధ్యాయినులూ నిలబడలేకపోయారు. ఒకామెకు గది తాళం చెవి దొరకలేదు. సాయంత్రం దాకా వరండాలో నిలబడి, మర్నాడు దీర్ఘకాలిక సెలవు పెట్టింది. రెండో ఆమె పిలిచిన సమావేశాలకు ఆమె తప్ప ఎవరూ హాజరు కాలేదు. ఈ రెండు ఘనకార్యాల వెనుకా ఉన్నది ఎర్రయ్య అనే సీనియర్ ఉపాధ్యాయుడు. పెద్ద కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఇన్‌చార్జిగా అందులో కూర్చునేది ఆయనే. కుర్చీ ఖాళీగా ఉండటమే పాఠశాలకు క్షేమమని ఆయన నిజాయితీగానే నమ్మేవాడు. ఆడమనిషి మాట వినడం తమకు అలవాటు లేదని సిబ్బంది బాహాటంగానే చెప్పుకునేవారు. ఇవన్నీ సుజాతకు తెలుసు. వాటికి తగిన వాక్యాలు కొన్ని ఆమె సిద్ధం చేసుకుని ఉంది.

ఆమె సిద్ధం చేసుకోనిది భర్త శ్రద్ధను. సైదులు నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పదవీ విరమణ చేసిన మనిషి. ఫైళ్లు లేని జీవితానికి అలవాటు పడలేక యంత్రాల మీద పడ్డాడు. భార్య జాతీయ రహదారి మీద రోజూ కారు నడపబోతున్నదంటే ఆయనకు బెంగ కలిగింది. ఆ బెంగతో ముందురోజు సాయంత్రం బ్రేకులు పరీక్షించాడు. పరీక్ష అంటే, వెనక ఎడమ చక్రం దగ్గర చిన్న నట్టు ఒకటి కనిపిస్తే అది ఎందుకుందో తెలుసుకోవడానికి దాన్ని పానాతో తిప్పి చూశాడు. కారవలసిన ఆయిల్ కారింది, చేరవలసిన గాలి చేరింది. ఆ క్షణం దాకా ఆ బ్రేకుల్లో ఏ లోపమూ లేదు.

ఉదయం కారును గేటు దాకా తెద్దామని ఆయన బయలుదేరితే పెడల్ కాలికి అడ్డు చెప్పకుండా నేల దాకా దిగిపోయింది. కారు తన ఇష్టప్రకారం వెళ్లి నీళ్ల డ్రమ్ముకు ఆనుకుని ఆగింది. సైదులు దిగి, చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, ఫోన్‌లో ఒక వీడియో చూసి, నిర్ధారణ ప్రకటించాడు.

"గాలి పట్టింది."

బ్రేకు గొట్టాల్లో ఆయిల్‌తో పాటు గాలి చేరితే బ్రేకులు పడవని సుజాతకు ఆ వీడియో అవసరం లేకుండానే తెలుసు. ఆ సూత్రాన్ని ఆమె ఏటా తొమ్మిదో తరగతికి చెబుతూనే ఉంది. బస్సులో పోతానన్నది. సైదులు ఒప్పుకోలేదు. మొదటి రోజే బస్సు దిగి నడిచొచ్చే మనిషిని ఎవడు లెక్కచేస్తాడని ఆయన వాదన. పైగా పని చిన్నదట. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి, సన్నటి ట్యూబు గుండా గాలిని సీసాలోకి దింపాలి. సమయం ఇంకా ఉంది. తలస్నానం చేసిన జుట్టు ఆరలేదు కనుక విరబోసుకునే ఆమె కారులో కూర్చుంది. సైదులు కారు వెనక నేల మీద పడుకున్నాడు.

కారు ఉన్నది రేకుల షెడ్డు కింద. పక్కింటి డాబా మీద ఉప్పలమ్మ మిరపకాయలు ఎండబోస్తున్నది. ఆమె పిల్లలిద్దరికీ చదువు చెప్పింది సుజాతే. టీచరమ్మ అంటే ఆమెకు దేవుడి తర్వాతి స్థానం. డాబా మీద నుంచి చూస్తే షెడ్డు రేకులు, రేకుల అంచు బయట నేల మీద చాపుకుని ఉన్న సైదులు కాళ్లు, ఆ కాళ్ల పక్కన ఒక గాజు సీసా మాత్రమే కనిపిస్తాయి. మాటలు మాత్రం అన్నీ వినిపిస్తాయి.

"తొక్కు సుజాతా. ఇంక గట్టిగ. పట్టి ఉంచు, ఇడువకు."

"ఇడుస్తలేను."

"వస్తున్నది. సీసాలకు దిగుతున్నది. అగో, బుడబుడమంటున్నది."

"పోయిందా?"

"ఏడ పోయింది. లోపల ఇంకా శాన ఉన్నది. ఇగ ఇడువు."

ఉప్పలమ్మ చేతిలోని చాట అలాగే ఉండిపోయింది. తెలుగులో గాలి అనే మాటకు ఉన్న అర్థాలలో ఏది ఎప్పుడు వర్తిస్తుందో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ఇక్కడి సందర్భంలో గాలి ఉంది, అది పట్టింది, లోపల ఉంది, దాన్ని సీసాలోకి దింపుతున్నారు. ఉప్పలమ్మ తేల్చుకున్న అర్థంలో తర్కదోషం ఏమీ లేదు. నిన్నటి దాకా నవ్వుతూ మాట్లాడిన టీచరమ్మకు, ఉద్యోగంలో పెద్దరికం వచ్చిన వేళ, ఎవరి కళ్లో పడి గాలి సోకింది. సారు చదువుకున్నవాడు కనుక సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా, షెడ్డు చాటున తానే తీస్తున్నాడు.

ఈలోగా సుజాత పొరపాటును పట్టుకుంది. ఆమె కాలు తీసేటప్పటికి నట్టు ఇంకా తెరిచే ఉంటున్నది. కాలు తీయగానే పెడల్ పైకి లేచి, ట్యూబు గుండా గాలిని తిరిగి లోపలికి లాగుతున్నది. ఆ పద్ధతిలో సంక్రాంతి దాకా తొక్కినా ఉన్న గాలి ఉన్నట్టే ఉంటుంది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, తరగతిలో వెనక బెంచీకి వినిపించే స్పష్టతతో ఆ మాట చెప్పింది.

"పోయింది పోయినట్టు మళ్ల లోపలికే వస్తున్నది. నేను ఇడువకముందే మీరు బిగించాలె. లేకుంటే ఎన్నిసార్లు తీసినా ఇది పోదు."

"వీడియోల గట్ల చెప్పలే," అన్నాడు సైదులు.

నిజానికి వీడియోలో ఆమె అన్నట్టే చెప్పారు. ఆయన ఆ భాగం రాకముందే ఆపి పానా కోసం లేచాడు. కట్టుకున్న నాటి నుంచి ఇంట్లో ఉన్న భౌతికశాస్త్రం కంటే, ఎక్కడో ఎవరో సగం చెప్పిన మాట ఆయనకు ప్రమాణమైంది. ఇది ఆయన ఒక్కడి జబ్బు కాదు కనుక దాన్ని ఇక్కడ పొడిగించడం లేదు. డాబా మీద ఉప్పలమ్మ మాత్రం, లోపలున్నది తానే నోరు తెరిచి ఎన్నిసార్లు తీసినా పోనని చెప్పడం విని, చాట కింద పెట్టి ఫోన్ అందుకుంది.

సైదులు అక్క యాదమ్మ ఉండేది మిర్యాలగూడలో. తమ్ముడింటికి వచ్చినప్పుడల్లా పగలంతా ఉప్పలమ్మ అరుగు మీదే ఉంటుంది. ఉప్పలమ్మ ఆమెకు విషయం పూర్తిగా చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ఏదో గాలి అంటున్నరు, ఒక్కసారి తమ్ముడికి ఫోన్ చేసి నీవే అడుగు, నేను చెప్పినట్టు చెప్పకు అని మాత్రం అన్నది. యాదమ్మ వెంటనే ఫోన్ చేసింది. సైదులు చేతులకు ఆయిల్ అంటి ఉంది. ఫోన్‌ను నేల మీదే పెట్టి, స్పీకర్ నొక్కి, పని ఆపకుండా మాట్లాడాడు.

"తమ్మీ, ఇంట్ల అంత మంచిదేనా? ఏమో గాలి అని విన్న."

"అవునక్కా, పట్టింది. నిన్న పొద్దుగూకంగ పట్టింది. ఇయాల పొద్దుగాల ఎక్కి చూస్తే మొత్తం కిందికి పోతున్నది."

యాదమ్మ లేచి ఇంటి తలుపు దగ్గరికి వేసుకుంది. తర్వాత, ఎవరికైనా చూపించావా అని అడిగింది.

"బయటోళ్లకెందుకు? అంత ఇప్పి కూసుంటరు. నేనే తీస్తున్న. సుజాత తొక్కుతున్నది."

"నిన్ను తొక్కుతున్నదా?"

కానీ అప్పటికి సైదులు నట్టు తిప్పుతూ ట్యూబు వైపు చూస్తున్నాడు. ఊ కొట్టాడు. యాదమ్మ, ఇవాళ కోదాడకు పోవలసిన పని మానుకుంటారు కదా అని ప్రాధేయపడుతున్నట్టు అడిగింది.

"ఎందుకు మానుతం. గాలి ఉన్నా మెల్లగ పోవచ్చు. ఒకటే పరేషాన్. ఆగుమన్నప్పుడు ఆగదు."

ఫోన్ పెట్టేసిన యాదమ్మ ఎవరితోనూ ఆలోచించలేదు. వాళ్ల వాడకట్టులోనే గాలి, దిష్టి తీసే బీరయ్య ఉన్నాడు. ఆయనను ఉన్నవాడిని ఉన్నట్టు కిరాయి కారు ఎక్కించుకుని సూర్యాపేట దారి పట్టింది.

ఉప్పలమ్మ రెండో ఫోన్ చేసింది ప్రేమతోనే. ఆమె అక్క కూతురు సునీత కోదాడ కోడలు. సుజాత చేరబోయే పాఠశాలలోనే తెలుగు పంతులమ్మ. టీచరమ్మ ఒకవేళ అక్కడికి వస్తే కనిపెట్టి ఉండమనీ, ఆమెకు కోపం తెప్పించవద్దనీ, ఎదురు చెప్పవద్దనీ, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దనీ ఉప్పలమ్మ ఒట్టు పెట్టించుకుంది. సునీత చెప్పిన ప్రతివారి చేతా తానూ ఒట్టు పెట్టించుకుంది. ప్రార్థన గంట కొట్టేసరికి పాఠశాలలో ఒట్టు పెట్టనివారు లేరు.

ఇక్కడ షెడ్డులో సుజాత అదే మాట ఇంకోసారి చెప్పింది. సైదులు, ఈసారి వస్తది చూడు అన్నాడు. ఆమె మూడోసారి చెప్పలేదు. కారు దిగి, చేతులూ కాళ్లూ కడుక్కుంది. కారు దిగేటప్పుడు ట్యూబు తొలగి ఎగసిన ఆయిల్ చుక్కలు చీర కుచ్చిళ్ల మీద పడి ఉన్నాయి. చెమటకు నుదుటి బొట్టు కారి కనుబొమల మధ్యకు దిగింది. అద్దం చూసుకునే వ్యవధి లేదు. సంచీ భుజానికి తగిలించుకుని గేటు తీసింది.

"మీరు తీసుకుంట ఉండుండ్రి. నేను పోతున్న," అన్నది.

విరబోసిన జుట్టుతో, కారిన బొట్టుతో, ఎవరి వైపూ చూడకుండా వీధిలోకి నడిచిపోతున్న ఆమెను డాబా మీద నుంచి ఉప్పలమ్మ చూసింది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

ఆమె ఎక్కిన బస్సు ఊరు దాటిన కాసేపటికి యాదమ్మ కారు దిగింది. వెనకే బీరయ్య దిగాడు. పసుపు నీళ్ల చెంబు, వేపకొమ్మ, కట్టిన తాయెత్తులు ఆయన వెంట ఉన్నాయి. ఉప్పలమ్మ కూడా గోడ దాటినంత తొందరగా వచ్చి చేరింది. సైదులు ఇంకా కారు కిందనే ఉన్నాడు. వచ్చింది అక్క అని గొంతును బట్టి గుర్తుపట్టాడు గానీ, ఎందుకొచ్చిందని అడగడానికి తీరిక లేకపోయింది.

"తమ్మీ, ఏదిరా?"

"పోయిందక్కా."

యాదమ్మ ఊపిరి పీల్చుకుని మెట్టు మీద కూలబడింది. తమ్ముడి చేతిలో ఇంత శక్తి ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఎట్ల పోయింది?"

"కోపానికొచ్చి పోయింది. మీరు తీసుకుంట ఉండుండ్రి, నేను పోతున్న అన్నది. పోయి కోదాడ బస్సెక్కింది."

బీరయ్య తన వృత్తిలో చాలా గాలులను చూశాడు. అరిచేవి చూశాడు, ఏడ్చేవి చూశాడు, కోడిని అడిగేవి చూశాడు. సెలవు తీసుకుని, పోయే ఊరు చెప్పి, ఆర్టీసీ బస్సెక్కే గాలిని చూడలేదు. ఆయన చెంబు కింద పెట్టేశాడు.

"అమ్మా, గది నాతోని కాదు. టికెట్ కొనుక్కొని పోయేదానికి మంత్రమేడ పనిచేస్తది?"

ఉప్పలమ్మ మాత్రం పక్కకు తప్పుకుని కోదాడకు ఫోన్ చేసింది. బస్సులో అక్కడికే వస్తున్నదని, వచ్చేది టీచరమ్మ కాదని, టీచరమ్మ లోపలున్నదని సునీతకు చెప్పింది. యాదమ్మ ఊరుకోలేదు. ఇంత దూరం తెచ్చినందుకు ఇంటికైనా కట్టు కట్టిపొమ్మని బీరయ్యను పట్టుబట్టింది. ఇంకా ఏమైనా మిగిలిందా అని తమ్ముడిని అడిగింది.

"మిగలకేం. సగం లోపల్నే ఉన్నది. ముందల డబ్బాల చూడు, మూత తీసే ఉన్నది, కనిపిస్తది," అన్నాడు సైదులు కారు కింద నుంచి.

బానెట్ ఎత్తి ఉంది. బ్రేక్ ఆయిల్ పోసే చిన్న డబ్బా నోరు తెరుచుకుని ఉంది. బీరయ్య వంగి చూశాడు. లోపల నల్లగా, అడుగంటి, అప్పుడప్పుడూ ఒక బుడగ వదులుతూ ఏదో ఉంది. తన వృత్తిలోని మనిషి చేయవలసిన పనే ఆయన చేశాడు. వేపకొమ్మ తిప్పి, నోట్లో ఏదో అనుకుంటూ, చెంబెడు పసుపు నీళ్లూ అందులో పోశాడు.

డబ్బా నిండిన సంగతి ట్యూబు దగ్గర తెలిసింది. సైదులు సంతోషించాడు. ఎవరో వివేకవంతుడు ఆయిల్ పోశాడనుకున్నాడు. పెడల్ తొక్కమంటే బీరయ్యే భయపడుతూ లోపల కూర్చుని తొక్కాడు. మొదట నల్లగా వచ్చింది. తర్వాత పచ్చగా వచ్చింది. ఆ తర్వాత వేపాకు ముక్క వచ్చి ట్యూబుకు అడ్డం పడింది. సైదులు కారు కింద నుంచి మెల్లగా బయటికి జరిగి, చెంబును, బీరయ్యను, అక్కను, ఉప్పలమ్మను వరుసగా చూశాడు.

"గిదేంది?" అని అడిగాడు.

దానికి సమాధానం చెప్పడానికి నలుగురికీ చాలా సేపు పట్టింది. గాలి కారుకు పట్టిందని సైదులు, సుజాతకు పట్టిందని తక్కినవారు, ఎవరి మాట వారు నిలబెట్టుకుంటూ పోయారు. చివరికి సంగతి అర్థమై ఉప్పలమ్మ గడపలో కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. వెంటనే కోదాడకు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పెయ్యమని సైదులు అన్నాడు. ఆమె చేసింది. సునీత ఫోన్ మోగుతూనే ఉన్నది గానీ ఎవరూ ఎత్తలేదు. కారు విషయానికొస్తే, నీళ్లు కలిసిన బ్రేకులను బాగుచేయడం ఇంటి ముందు అయ్యే పని కాదు. దాన్ని ఇంకో బండికి కట్టి మెకానిక్ షెడ్డుకు లాక్కుపోయారు. వెనక సీట్లో వేపకొమ్మ అలాగే ఉండిపోయింది.

సునీత ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఉంది. ఆ సమయానికి పాఠశాల సిబ్బంది ఫోన్లన్నీ మూగబోయి సిబ్బంది గది అల్మారాలో ఉన్నాయి. ఫోన్ గంట మోగితే కొత్త మేడమ్ లోపల ఉన్నదానికి నచ్చకపోవచ్చని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు, అందరూ పాటించారు.

ఆ ఉదయానికి ఎర్రయ్య చేసుకున్న ఏర్పాట్లు వేరే ఉండేవి. అటెండరు పుష్పాబాయిని గది తాళం చెవితో సహా ఇంట్లో ఉండిపొమ్మన్నాడు. సగం మందిని సెలవు పెట్టమన్నాడు. కొత్త ప్రధానోపాధ్యాయురాలు గేటు దగ్గర ఎండలో నిలబడి తాళం గురించి అడుగుతుంది, ఎవరికీ తెలియదు, మధ్యాహ్నం దాటుతుంది, గడువు దాటుతుంది. దోషం ఎవరి మీదా ఉండదు. అది చాలా మర్యాదస్తుడైన మనిషి పన్నిన పథకం. సునీతకు వచ్చిన మొదటి ఫోన్ సంగతి విన్నప్పుడు ఆయన నవ్వాడు. రెండోది విన్నాక సెలవు పెట్టినవారిని వెనక్కి పిలిపించి, పుష్పాబాయి కోసం స్వయంగా స్కూటర్ వేసుకుని వెళ్లాడు.

సుజాత దారి పొడవునా తన వాక్యాలను నెమరువేసుకుంటూనే ఉంది. తాళం లేదంటే ఏమనాలి, తరగతికి పోనంటే ఏమనాలి, ఆడవాళ్లతో ఇదే తంటా అని వెనక నుంచి గొణిగితే వెనక్కి తిరగకుండా ఏమనాలి, అన్నీ ఉన్నాయి. కోదాడలో దిగి, ఇంకో ఆటో పట్టుకుని, పాఠశాల గేటు ముందు ఆగేసరికి జుట్టు ఆరి గాలికి చెదిరి ఉంది. గేటు బార్లా తెరిచి ఉంది. సిబ్బంది మొత్తం రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు. ఎవరూ ఆమె కళ్లలోకి చూడటం లేదు.

ఎర్రయ్య ముందుకొచ్చి, చేయి పూర్తిగా చాచి, శరీరాన్ని వీలైనంత వెనకనే ఉంచి, తాళం చెవులు అందించాడు.

"రండి మేడమ్ గారూ. గది తీయించాను. కుర్చీ తుడిపించాను. ఇంకేమైనా కావాలంటే మీరు చెప్పక్కర్లేదు, అనుకుంటే చాలు."

సుజాత ఆయనను ఒకసారి పరీక్షగా చూసింది. ఆ చూపు ఆమె చీటీలు పెట్టి కాపీ కొట్టే విద్యార్థులను చూసే చూపు. ఎర్రయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె గదిలోకి వెళ్లి చేరిక పత్రం మీద సంతకం చేసింది. గడువుకు ఇంకా వ్యవధి ఉంది. బయట తరగతులన్నీ నడుస్తున్నాయి. ఖాళీగా ఉండవలసిన తరగతిలో కూడా ఎవరో పాఠం చెబుతున్నారు. సిద్ధం చేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ ఖర్చు కాలేదు. తన పేర వచ్చిన పదోన్నతి ఉత్తర్వుకు ఇంత గౌరవం దక్కిందని ఆమె ఆ పూటకు నమ్మింది. నమ్మకం మనిషికి ఎంత సుఖమో అంత తక్కువ సేపు ఉంటుంది.

సునీత మంచినీళ్లు పట్టుకుని వచ్చింది. తాను ఉప్పలమ్మ చెల్లెలి వరస కాదనీ, అక్క కూతురిననీ అవసరం లేని వివరం ఇచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"పొద్దున మా చిన్నమ్మ చెప్పింది మేడమ్. గాలి సంగతి. ఇప్పుడు పూర్తిగా పోయిందాండీ?"

పక్కింటివారికి కారు సంగతి తెలియడంలో వింతేమీ కనిపించలేదు సుజాతకు. ఆమె కచ్చితంగా, నిదానంగా జవాబు చెప్పింది.

"పూర్తిగా పోలేదమ్మా. తీసే పద్ధతి తెలియకుండ తీసిండ్రు. బయటికి పోయింది పోయినట్టు మళ్ల లోపలికి వచ్చింది."

"మరి ఇప్పుడు..."

"ఇయాలకు ఏం కాదు. రేపో ఎల్లుండో మంచిగైతే, రోజూ దాన్ని తీసుకొనే వస్త. ఆ చింతచెట్టు కింద నీడకు పెడత. మీకెవ్వరికీ అడ్డం రాదు."

సునీత గ్లాసు తీసుకుని వెనకడుగు వేస్తూనే గది దాటింది. మధ్యాహ్న భోజనం గంటకల్లా చింతచెట్టు కింద ఎప్పుడూ ఉండే వాహనాలన్నీ ఎండలోకి మారాయి. మొదట మారింది ఎర్రయ్య స్కూటరు.

సాయంత్రం ఇంటికి వచ్చాక సుజాత అన్నీ విన్నది. యాదమ్మ ఏడుస్తూ చెప్పింది, ఉప్పలమ్మ ఏడవకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ చెప్పింది, సైదులు గోడ వైపు చూస్తూ చెప్పాడు. మెకానిక్ షెడ్డు వాళ్లు నట్టు బిగించాకే పెడల్ వదలాలన్నారని కూడా, ఎవరూ అడగకపోయినా, చెప్పాడు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఉప్పలమ్మకు టీ ఇచ్చింది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, రెండు వరుసల్లో తల వంచుకుని నిలబడిన ఆ సిబ్బందిని గుర్తుచేసుకుంది.

ఆమెకు కలిగింది కోపమే. అది కారు గురించి కాదు. చదువుకు, అనుభవానికి, ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చిన అధికారానికి వంగని మెడలు ఒక పుకారుకు వంగాయి. ఆ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాడు కూడా ఆ వరుసలోనే ఉన్నాడు. అలాగే వదిలేస్తే ఆ విధేయత ఎన్నేళ్లయినా ఉంటుంది, పని కూడా జరుగుతుంది. ఉప్పలమ్మ ఆ మాటే అన్నది. ఎందుకు చెప్పడం టీచరమ్మా, భయమున్నదంటే మాట వింటరు కదా అని అన్నది. చెబితే వాళ్లు మళ్లీ పాత మనుషులవుతారని, ఎర్రయ్య నవ్వుతాడని, తాను వరండాలో నిలబడవలసి రావచ్చని సుజాతకు తెలుసు. అయినా పిల్లలకు ఒక సంగతి చెప్పి పెద్దలకు ఇంకొకటి చెప్పే పద్ధతి ఆమెకు అలవాటు లేదు.

మర్నాడు పాఠశాల విడిచాక సిబ్బంది సమావేశం పిలిచింది. అందరూ పిలవకముందే వచ్చారు. బల్ల మీద సూదులు లేని రెండు సిరంజీలు, వాటిని కలుపుతూ ఒక సన్నటి ట్యూబు పెట్టి, వాటి నిండా నీళ్లు నింపింది. ఒకవైపు నొక్కితే రెండోవైపు వెంటనే కదిలింది. నీళ్లు నలగవు, అంటే నొక్కినా కుదించుకుపోవు, కనుక తోసిన బలం అటువైపుకు చేరుతుందని, కారు బ్రేకు ఈ సూత్రం మీదే పనిచేస్తుందని చెప్పింది. తర్వాత ట్యూబులోకి కొంత గాలి ఎక్కించి మళ్లీ నొక్కింది. ఈసారి అటువైపు కదలలేదు. గాలి నలుగుతుంది కనుక బలాన్ని తానే మింగేస్తుందని చెప్పి, తన కారుకు పట్టింది ఈ గాలేనని, తనకు ఏ గాలీ పట్టలేదని, అసలు అలాంటిది లోకంలో లేదని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"నిన్న మీరు నాకు చూపిన మర్యాద ఆ గాలికి చూపిందైతే, వాపసు తీసుకోండి. నాకు చూపిందైతే ఉంచుకుంటాను."

అటువైపు కదలకపోవడం సరిగా కనిపించలేదేమోనని ఆమె సిరంజీని ఇంకొంచెం గట్టిగా నొక్కింది. నలిగి ఉన్న గాలి ఒక్కసారిగా సాగింది. రెండో సిరంజీలోని పిస్టన్ టప్పుమని ఊడి, బల్ల దాటి ఎగిరి, నేరుగా ఎర్రయ్య ఛాతీకి తగిలి ఒళ్లో పడింది. ఆయన దాన్ని తాకలేదు. దించిన చూపు ఎత్తలేదు.

ఇది కూడా ఆ సూత్రం ప్రకారమే జరిగిందని సుజాత వివరించింది. ఎవరికైనా అనుమానం ఉంటే ఇప్పుడే అడగమన్నది. ఎర్రయ్య చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. పిస్టన్ కింద పడి దొర్లింది.

"అనుమానం ఏం లేదు మేడమ్ గారూ. మీరు లేదన్నారంటే లేదు. అందరం ఒప్పుకున్నాం. రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంటారు?"

గాలి లేదన్న సంగతిని ఆ పాఠశాల సిబ్బంది ఆ రోజు ఏకగ్రీవంగా అంగీకరించారు. అంగీకరించకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి వారిలో ఒక్కరికీ లేకపోయింది.